ఉంగరంలో ఇరుక్కున్న సెంటు

చిల్లర లేదని కిరాణా కొట్టువాడు చేతిలో చాక్లెట్ పెడితే, గొణుక్కుంటూ తీసుకున్న రోజులు గుర్తున్నాయా? ఇప్పుడంటే ఫోన్‌తో కొట్టేస్తున్నాం గానీ... 1862లో అమెరికావాళ్లకి ఇలాగే చిల్లర బదులు తపాలా బిళ్లలు దొరికేవి.

అంతర్యుద్ధం భయంతో జనం బంగారం, వెండి దాచేశారు. 1861 డిసెంబరు ఆఖర్లో బ్యాంకులు నోటుకి నాణెం ఇవ్వడం ఆపేశాయి. మర్నాటి వేసవికల్లా సెంట్లు కూడా మాయం. సరే అని స్టాంపులతోనే బేరాలు మొదలెట్టారు. జేబులో చెమటకి జిగురు కరిగి అవన్నీ ఒక ముద్ద అయ్యేవి!

జాన్ గాల్ట్ అనే వ్యాపారి దీనికో ఉపాయం కనిపెట్టాడు. గుండ్రటి చిన్న ఇత్తడి డబ్బీ. లోపల స్టాంపు, దాని మీద అభ్రకం రేకు (గూడూరు వాళ్లకి అభ్రకం గురించి నేను చెప్పక్కర్లేదు). వెనకవైపు ఇత్తడి ఖాళీయే కదా, అక్కడ వ్యాపారుల ప్రకటన. 1862 ఆగస్టు 12న పేటెంటు వచ్చింది. తయారు చేసింది కనెక్టికట్‌లో గుండీలు చేసే స్కోవిల్ కంపెనీ. ఒక సెంటు నుంచి 90 సెంట్ల దాకా ఎనిమిది విలువల్లో వచ్చాయి. ఏయర్ వారి విరేచనాల మాత్రల ప్రకటన ఉన్నవి కూడా ఉన్నాయి. ఆలోచించండి, మందు పేరు మోసుకుంటూ డబ్బు ఊరంతా తిరుగుతోంది! ప్రభుత్వం అదే ఆగస్టులో చిల్లర నోట్లు మొదలెట్టడంతో ఈ డబ్బీల కథ త్వరగానే ముగిసింది.

నాకు అసలు పిచ్చి పట్టించింది మాత్రం వీటి తర్వాతి తరం. 1901లో బఫెలో నగరంలో జరిగిన పాన్ అమెరికన్ ప్రదర్శనలో అల్యూమినియం చట్రంలో బిగించిన సెంట్లు కనిపించాయి. (అధ్యక్షుడు మెకిన్లీ మీద కాల్పులు జరిగింది అక్కడే, సెప్టెంబరు 6న.) అల్యూమినియం బిళ్లకి మధ్యలో కన్నం, అందులో సెంటు, రెండు అచ్చుల మధ్య ఒక్క గుద్దు. మెత్తటి లోహం ఒత్తుకుని నాణేన్ని పట్టేస్తుంది. చుట్టూ బ్యాంకు పేరో, బట్టల కొట్టు పేరో. "నన్ను దగ్గరుంచుకో, నీకు డబ్బుకి లోటుండదు" అని అదృష్టం మాట ఒకటి.

ఇక్కడే నాకు నచ్చిన తిరకాసు ఉంది. గాల్ట్ డబ్బీ ఖర్చయితేనే ప్రకటన నలుగురికీ చేరుతుంది. ఈ సెంటుని ఖర్చు పెట్టడం కష్టం, డబ్బు కాబట్టి పారెయ్యబుద్ధి కాదు. కాగితం ప్రకటన అయితే సాయంత్రానికి చెత్తబుట్టలో ఉంటుంది. ఒక్క సెంటు పెట్టుబడితో కొట్టువాడు జనం జేబులో ఏళ్ల తరబడి తిష్ట వేశాడన్నమాట. ఆ కొట్లు చాలావరకు ఎప్పుడో మూతపడ్డాయి, పేర్లు మాత్రం మిగిలాయి.

ఆన్‌సైట్‌లో ఉండగా పాత సామాన్ల కొట్లో ఒకటి కొన్నాను. గుర్రపు నాడా ఆకారం, 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శనది. బేరమాడకుండా అరవై డాలర్లు ఇచ్చేశాను. గదికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే లోపలి సెంటు మీద 1907! ప్రదర్శన 1904 డిసెంబరు 1నే ముగిసింది. చట్రం కన్నా పాత నాణెం ఉంటే ఇబ్బంది లేదు, చేతికొచ్చిన సెంటు వాడి ఉండొచ్చు. కొత్తది ఉందంటే ఎవరో అసలుది పీకి ఇది కూర్చారన్నమాట. ఫైల్ టైమ్‌స్టాంపులు చూసి బగ్‌లు పట్టుకునే నేను, కొనేముందు ఈ ఒక్క అంకె చూసుకోలేదు :)

"1904 సెంటు చవగ్గానే దొరుకుతుంది, మార్చి పెట్టేయ్ బాసూ, ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు మా రూమ్మేటు. దొరికే మాట నిజమే. ఒకటి కొన్నాను కూడా. రెండూ బల్ల మీద పెట్టుకుని ఓ రాత్రి చాలాసేపు కూర్చున్నాను. మార్చేస్తే నా తర్వాత దాన్ని కొనేవాడికి పట్టుకునే ఆధారం కూడా మిగలదు కదా.

1907 సెంటు ఇంకా ఆ నాడాలోనే ఉంది. కవరులో ఓ చీటీ కూడా పెట్టాను: "చట్రం 1904, నాణెం 1907. జత కుదరదు."