దూలగొండి
దురదగొండి అని కూడా అంటారు. చిక్కుడు కుటుంబపు అడవితీగ. శాస్త్రీయనామం ముకునా ప్రురియెన్స్. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్ నల్లమలలోను, నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు పొదల్లోను వానలకు మొలిచి చెట్లకు అల్లుకుంటుంది. వంకీ తిరిగిన కాయ మీది బంగారురంగు నూగు ఒంటికి తగిలితే దురద ఇంతా అంతా కాదు. పశువులు దాని జోలికి పోవు. కామన్ సెయిలర్ సీతాకోకచిలుక గొంగళిపురుగు మాత్రం ఈ ఆకులు మేస్తుంది. ఆకును కొరికి, ముక్కలను వేలాడదీసి, అవి వాడాక వాటి మధ్యే నక్కుతుంది. ఎండుటాకేదో పురుగేదో పోల్చుకోవడం కష్టం. ఊదారంగు పూలగుత్తులకు తుమ్మెదలు వస్తాయిగాని, తీగకు వాటి అవసరం తక్కువే: పువ్వు స్వపరాగంతోనూ కాయ కడుతుంది. గింజల్లోని ఎల్-డోపా పార్కిన్సన్ వ్యాధికి వాడే మందే. వైద్యుల సలహా లేకుండా వాటిని తినరాదు.