ఇసుక రెండోసారి వదల్లేదు

1977లో అబిజాన్-నీస్ పందెంలో ఒక ఫ్రెంచి యువకుడు మోటార్‌సైకిల్ మీద లిబియా ఎడారిలో దారి తప్పాడు. పేరు థియరీ సబీన్. ప్రాణం మీద ఆశ వదులుకున్నాక దొరికాడు. చావు తప్పి కన్ను లొట్టబోయిన మనిషి మళ్లీ అటువైపు చూడడనుకుంటాం. సబీన్ మాత్రం పారిస్ చేరి, మ్యాపులు ముందేసుకుని, ఈసారి నలుగురినీ వెంటబెట్టుకుని అదే ఇసుకలోకి వెళ్లే దారి వెతికాడు.

1978 డిసెంబర్ 26న పారిస్‌లోని ట్రోకడెరో దగ్గర 182 వాహనాలు బారులు తీరాయి. అందులో సగం దాకా మోటార్‌సైకిళ్లే. గమ్యం పదివేల కిలోమీటర్ల అవతల, సెనెగల్ తీరాన డకార్. జీపీఎస్ లేని రోజులవి. రోడ్‌బుక్, దిక్సూచి, ముందు వెళ్లిన బండి చక్రాల జాడ, ఇంతే ఆధారం. గాలి లేస్తే ఆ జాడా ఉండదు. దారిలో అగదేజ్ దగ్గర ఒక రైడర్ పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. 1979 జనవరి 14న డకార్ చేరినవి 74. కార్లకూ బైకులకూ కలిపి ఒకే లెక్క వేసిన ఆ ఏడు, యమహా ఎక్స్‌టీ 500 అనే ఒంటి సిలిండర్ బండి మీద సిరిల్ నెవూ అందరికంటే ముందు నిలిచాడు.

పేరొచ్చింది, జనం ఎగబడ్డారు. 1982లో బ్రిటన్ ప్రధాని థాచర్ కొడుకు కారులో వచ్చి సహారాలో ఆరు రోజులు కనిపించకుండా పోయాడు. పెద్దగా సన్నాహమేమీ చేసుకోలేదని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఎడారికి ఎవరి కొడుకైతేనేం! మరుసటి ఏడు టెనెరే ఎడారిలో ఇసుక తుఫాను దాదాపు నలభై మందిని చెదరగొట్టింది.

సబీన్ ప్రతి సాయంత్రం మకాంలో రైడర్లను కూర్చోబెట్టి మర్నాటి దారి గురించి హెచ్చరించేవాడు. పగలు హెలికాప్టర్‌లో వాళ్ల నెత్తిన తిరుగుతూ కనిపెట్టుకునేవాడు. 1986 జనవరి 14న, తొలి పందెం ముగిసి సరిగ్గా ఏడేళ్లకు, మాలీలోని గుర్మా-రారూస్ దగ్గర చీకటి పడే వేళ ఇసుక గాలిలో ఆ హెలికాప్టర్ దిబ్బను ఢీకొట్టింది. సబీన్‌తో సహా అందులోని ఐదుగురూ పోయారు. వాళ్లలో గాయకుడు డానియెల్ బలవాన్ అసలు పందేనికే రాలేదు, పల్లెలకు నీటి పంపులు అందించే పని మీద వచ్చాడు. దీన్ని విధి అనడానికి నాకు మనసొప్పదు. ఎడారికి టైంటేబుల్ వేసినవాడికి, ఆగవలసిన చోట ఆగడమే కష్టమైంది.

సబీన్ చితాభస్మాన్ని టెనెరేలో చల్లారు. ఆ ఏడు పందెం మాత్రం ఆగలేదు. బైకుల్లో మళ్లీ నెవూయే గెలిచాడు. ఆ తర్వాత సబీన్ తండ్రి పగ్గాలు పట్టాడు. చావులూ ఆగలేదు. దారి పక్కన నిలబడి చూస్తున్న ఊళ్ల జనమూ బలయ్యారు. వాళ్ల పేర్లు ఎవరికి గుర్తు?

చివరికి ఆ దారిని మూసింది ఇసుక కాదు, తుపాకి. 2007 డిసెంబర్ 24న మారిటానియాలో నలుగురు ఫ్రెంచి పర్యాటకులను కాల్చి చంపారు. రాబోయే పందెంలో సగానికి పైగా మజిలీలు ఆ దేశంలోనే. ఆ ఏడు పందెం మొదలవ్వాల్సిన లిస్బన్‌లో అంతా సిద్ధమై, తెల్లవారితే బయల్దేరాలనగా, 2008 జనవరి 4న రద్దు ప్రకటన వెలువడింది. మరుసటి ఏడు అర్జెంటీనా, చిలీ. 2020 నుంచి సౌదీ అరేబియా. డకార్ పందెం ఆఫ్రికాకు మళ్లీ రాలేదు.