బళ్ళారి పక్కన మన బళ్ళు

ఆధునిక తెలుగు నాటకానికి తొలి నటులు చదువుకునే పిల్లలే. 1880లో రాజమహేంద్రవరంలో తెలుగు పండితుడిగా ఉన్న కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులకు వేషాలు కట్టి ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. కోర్టు పక్షుల మీదా ప్లీడర్ల మీదా వ్యంగ్యం అది. తమాషా ఏమిటంటే, ఇటు సీమలో నాటకాన్ని తలకెత్తుకున్నది ఆ ప్లీడర్లే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ప్లీడరు, కోలాచలం శ్రీనివాసరావు ప్లీడరు, బళ్ళారి రాఘవ కూడా ప్లీడరే. అక్కడ పంతులు చేతిలో మొదలైనది ఇక్కడ వకీళ్ళ సభల్లో పెరిగింది. కర్నూలు జిల్లా గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని హైస్కూళ్ళలో నాటకం పాఠం కాకుండా వేడుకగానే ఎందుకు మిగిలిపోయిందో ఆలోచించేవాళ్ళు ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

అప్పట్లో ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోది. పెద్ద కోర్టు పని పడితే బళ్ళారికే పోవాలి. పోయినవాళ్ళు వాయిదా ముగించుకుని ఆ రాత్రి నాటకం చూసి వచ్చేవాళ్ళంటే ఆశ్చర్యమేముంది? 1880లలోనే ధర్మవరంవారి ‘చిత్రనళీయం’ రంగమెక్కింది. తర్వాత ‘విషాద సారంగధర’తో తెలుగులో విషాదాంత నాటకానికి ఆయనే దారి వేశారు. కోలాచలంవారు ముప్పై దాకా నాటకాలు రాసి, 1908లో ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో అచ్చు వేశారు. ఒక జిల్లా కేంద్రంలో కూర్చుని ప్రపంచ నాటకాన్నంతా తూచిన మనిషి ఆయన! ఇక రాఘవ సంగతి చెప్పాలా? షేక్స్పియర్ పాత్రలు వేశారు, ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిశారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టారు. పద్యాన్ని రాగం మీద సాగదీస్తూ పాత్రను గాలికి వదిలెయ్యడం ఆయనకు గిట్టేది కాదు. మాట, చూపు, మౌనం, వీటితో నటించమన్నారు.

ఆలూరు దాటితే బళ్ళారే. అయినా రాఘవ చెప్పింది మన పల్లెలకు ఎక్కలేదు. ఎక్కింది పద్యమే. ‘సత్య హరిశ్చంద్ర’, తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాలు, ‘రామాంజనేయ యుద్ధం’, ఇవే ఊరి నాటకాలయ్యాయి. పంట చేతికొచ్చాక హార్మోనియం పెట్టెతో డ్రామా మేష్టరు ఊళ్ళో దిగేవాడు. గుడి దగ్గరో రచ్చకట్ట మీదో రాత్రిళ్ళు రిహార్సల్స్. వేషగాళ్ళే తలా ఇంత వేసుకుని మేష్టరుకు ఇచ్చేవాళ్ళు. డ్రస్సులు, తెరలు అద్దెకు తెచ్చుకునేవాళ్ళు. చదువు రానివాడు కూడా పక్కవాడు చదువుతుంటే విని పద్యాలు నోటికి పట్టేవాడు. నన్నడిగితే, ఈ ప్రాంతంలో నాటకం నేర్పిన తొలి బడి అదే. హాజరుపట్టీ లేదు, పరీక్ష లేదు. తప్పితే ఊరంతా నవ్వుతుంది, అంతే.

హైస్కూళ్ళు పెరిగాక ఈ డ్రామా మేష్టరు స్థానంలోకి తెలుగు పండితుడు వచ్చాడు. జీతానికి వ్యాకరణం చెప్పేవాడు, ఇష్టానికి నాటకం నేర్పేవాడు. వార్షికోత్సవం నెల రోజులుందనగా సాయంత్రం గంట కొట్టాక పదిమందిని ఆపేవాడు. రెండు బెంచీలు జరిపితే రంగస్థలం, రెండు దుప్పట్లు కడితే తెర, అట్టకు చమ్కీ కాగితం అంటిస్తే కిరీటం. అసలు కష్టం ఉచ్చారణ దగ్గర. ‘శ’ను ‘స’గా పలికే పిల్లవాడిని నిలబెట్టి, ఒక్క మాటను పదిసార్లు అనిపించేవాడు. ఒత్తులు పలకలేదా, అక్కడే ఆపి మళ్ళీ మొదటినుంచీ. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడు, సంతలో కన్నడం మాట్లాడే పిల్లవాడు ధర్మరాజు సమాసాలను ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవరకూ వదిలేవాడు కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎనిమిదిలో కృష్ణుడి పద్యం ఖంగున పాడినవాడికి పదిలోకి వచ్చేసరికి గొంతు బొంగురుపోతుంది. వాడిని ఏ భీముడి వేషంలోకో మార్చి, కృష్ణుడిని మళ్ళీ వెతుక్కోవాలి. ఈ విద్యలో పుస్తకం లేదు, శిక్షణ లేదు. ఆ పండితుడు బదిలీ అయితే ఆ బడిలో నాటకమూ బదిలీ అయ్యేది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. బళ్ళారి మైసూరుకు పోయింది. తాలూకాలు ఇటు వచ్చాయి, నాటక సభలు అటు ఉండిపోయాయి. ఈ విభజన గురించి నీళ్ళ లెక్కలు, భాషల లెక్కలు చాలామంది వేశారు. మన పిల్లలకు నాటకం ఎంత దూరమైందన్న లెక్క మాత్రం ఎవరూ వెయ్యలేదు.

తర్వాతి కాలాన్ని సినిమా నడిపించింది. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’, 1977లో ‘దానవీరశూరకర్ణ’ వచ్చాక బడి నాటకం కాస్తా ఏకపాత్రాభినయానికి కుదించుకుపోయింది. గద పట్టినవాడల్లా సుయోధనుడే. అందులో జ్ఞాపకశక్తి ఉంది, ఊపిరి ఉంది, కాదనను. కానీ ఎదుటివాడి మాట వినడం లేదు. నాటకం నేర్పాల్సిన మొదటి పాఠం అదే కదా!

1990లో భారత్ జ్ఞాన విజ్ఞాన జాతా, ఆ వెనుక అక్షరాస్యతా కళాజాతాలు వేరే గాలి తెచ్చాయి. తెర లేదు, కిరీటం లేదు. జనం గుండ్రంగా నిలబడితే మధ్యలో నాటిక. ఎందరో టీచర్లు డప్పు పట్టి వీధికెక్కారు. వాళ్ళు తిరిగి బడికొచ్చి పిల్లలతో బాల్యవివాహం మీద, వేలిముద్ర మోసం మీద నాటికలు కట్టించారు. ఆడపిల్లలు తమ మాటల్లో, తమ యాసలో మాట్లాడిన నాటకం అదే. రాఘవ కోరింది మన బళ్ళలోకి అరవై డెబ్బై ఏళ్ళు ఆలస్యంగా, ఈ దొడ్డిదారిన వచ్చిందనిపిస్తుంది.

కాగితం మీద ఇప్పుడు అన్నీ ఉన్నాయి. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం కళలు, సాంస్కృతిక విద్యను పాఠ్యాంశంగా చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కళలతో కలిపి బోధించమంది. తెలుగు వాచకంలో సృజనాత్మకత కింద ‘పాఠాన్ని సంభాషణగా రాయండి’ అనే ప్రశ్న వస్తుంది. పిల్లలు రాస్తారు, మార్కులు పడతాయి. ఆడేవాళ్ళు లేరు. డ్రాయింగుకు, సంగీతానికి, క్రాఫ్టుకు టీచరు పోస్టులు ఎంత తక్కువైనా ఉన్నాయి. నాటకానికి ఆ కొలువే లేదు.

అన్నిటికన్నా పెద్ద అడ్డు సుగ్గి, అంటే కూలి వలస. జిల్లా పశ్చిమ మండలాల్లో వాన ముఖం చాటేస్తే జనం పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు దాకా మూట కట్టుకుని పోతారు. పిల్లలూ వెంటే. సీజనల్ హాస్టళ్ళు కొందరినే ఆపగలుగుతున్నాయి. బళ్ళ వార్షికోత్సవాలు మాత్రం జనవరి, ఫిబ్రవరి నెలల్లో, అంటే మిరప చేలల్లో పిల్లలున్న రోజుల్లో. ఆ కాలంలో రిహార్సల్ పెడితే సగం వేషాలు ఊళ్ళో ఉండవు.

వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1946లో రాఘవ కన్నుమూసిందీ అదే తేదీన. గౌరవం సరే గానీ, ఏప్రిల్ మధ్యలో బళ్ళకు వార్షిక పరీక్షల హడావుడి, ఆ వెంటనే సెలవులు. రాఘవ పుట్టింది 1880 ఆగస్టు 2న. ఏటా ఆ తేదీకి బళ్ళు తెరిచి ఏడెనిమిది వారాలవుతుంది, చాలా ఇళ్ళవాళ్ళు ఇంకా సుగ్గికి కదలరు. గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని హెడ్మాస్టర్లకు ఒక్క మనవి. ఆ రోజు ఒక పూట నాటకానికి ఇవ్వండి. వాచకంలో పిల్లలు సంభాషణగా రాసిన పాఠాన్నే ఆడించండి. అద్దె డ్రస్సులు అక్కర్లేదు, హార్మోనియం అక్కర్లేదు.