పాథురే గిర్జా ఆవరణము

ఆంగ్లదేశపు పల్లెలలో ఊరి నడుమ చర్చియు, దాని చుట్టును సమాధులును ఉండుట పరిపాటి. ఊరి పూర్వకథ తెలియగోరువారు ముందుగా ఆ సమాధిఫలకములను చదువుదురు. కలకత్తాలో గవర్నరు నివాసమునకు సమీపముననున్న సెయింట్ జాన్ చర్చి ఆవరణము అట్టిదే. అయితే ఇచటి ఫలకములు ఊరి కథను సగమే చెప్పును.

ఆంగ్లేయులు రాకమునుపే ఇచట సుతానుటి, కలికాత, గోవిందపురము అను మూడు గ్రామములుండెను. కలికాత పేరు అక్బరు కాలపు ‘ఐనీ అక్బరీ’లోనే కానవచ్చును. కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సుతానుటిలో దిగినది 1690 ఆగస్టు 24న. 1698లో కంపెనీవారు ఈ గ్రామముల జమీందారీ హక్కును సావర్ణ చౌధురీల నుండి 1300 రూపాయలకు పొందిరి. ప్లాసీ యుద్ధానంతరము గోవిందపురమును ఖాళీ చేయించి అచట కొత్త కోట కట్టిరి. ఆ పల్లెవాసులను స్మరించు ఫలకమేదియు ఈ ఆవరణమున లేదు.

కంపెనీవారి తొలి చర్చి 1756లో సిరాజుద్దౌలా ముట్టడిలో నాశనమైనది. దాదాపు మూడు దశాబ్దములకు గాని వారికి తగిన మందిరము సమకూడలేదు. అదియు పరాయి సొత్తుతోనే. పాత శ్మశానమును ఆనుకొనియున్న మందుగుండు కొట్టు స్థలమును శోభాబజారు మహారాజా నవకృష్ణదేవుడను హిందువు దానముచేసెను. కొంత రాయి గౌడనగర శిథిలములనుండి వచ్చెను. ఇటుకల ఊరిలో రాతి కట్టడము వింత. జనులు దానిని పాథురే గిర్జా, అనగా రాతి చర్చి, అనిరి. లెఫ్టినెంట్ జేమ్స్ ఆగ్ లండనులోని ‘పొలములలోని సెయింట్ మార్టిన్’ చర్చిని నమూనాగా గ్రహించి దీనిని నిర్మించెను. ఆ మాతృకకును పేరులో తప్ప పొలములు మిగులలేదు! 1787లో ప్రతిష్ఠ జరిగినది. 1847లో సెయింట్ పాల్ చర్చి వెలయువరకు ఇదియే ప్రధానాలయము.

ఆవరణములోని చీకటికొట్టు స్మారకస్తంభము ఇచట పుట్టినది కాదు. కర్జన్ దొర 1902లో దానిని నగర మధ్యమున నిలిపెను. మృతులను గూర్చి హాల్వెల్ చెప్పిన లెక్కను చరిత్రకారులనేకులు విశ్వసింపలేదు. 1940లో సుభాస్ చంద్రబోసు నడపిన ఆందోళన ఫలితముగా ప్రభుత్వము దానిని ఇచటికి తరలించినది. తెచ్చినవారి ఉద్దేశమెట్టిదైనను, సమాధుల నడుమ దానికి తగిన చోటు దొరకినదనవలెను.

అన్నిటికంటె ప్రాచీనము చార్నాక్ సమాధి. 1693లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు చార్లెస్ ఐర్ ఎనిమిది కోణముల ఈ మండపమును కట్టించెను. నగరస్థాపకుడను కీర్తి చిరకాలము ఆయనకే దక్కినది. సావర్ణ వంశీయులు న్యాయస్థానమునకు పోయిరి. 2003లో కలకత్తా హైకోర్టు ఆయన స్థాపకుడు కాడనియు, ఆగస్టు 24 నగర జన్మదినము కాదనియు తీర్పు చెప్పినది. గ్రామముల పక్షమున వచ్చిన ఈ తీర్పు న్యాయమైనదే.

ఐనను ఆయన పేరు మరియొక దారిన నిలిచినది. సమాధి రాయి మద్రాసు చెంతనున్న పల్లావరమునుండి వచ్చినది. భూవిజ్ఞాని థామస్ హాలండ్ ఆ జాతి శిలను పరిశోధించి, ఈ సమాధిని తలచి ‘చార్నొకైటు’ అని పేరిడెను. తూర్పు కనుమలలోను, మన కొండపల్లి కొండలలోను దొరకు ఆ శిలను శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పేరుతోనే వ్యవహరింతురు.