బ్రేకు లేని సైకిలు వెనక కథ

మొన్న లంచ్ టైములో మా టీములో కుర్రాడొకడు ఫోను చూపించి, "అన్నా, ఫిక్సీ కొందామనుకుంటున్నా, ఈ ఫ్రేము ఎలా ఉంది?" అన్నాడు. చూస్తే భలే ఉంది. సన్నటి స్టీలు గొట్టాలు, ఒక్కటే గేరు, ఎక్కడా కేబుళ్ళు లేవు. అసలు ముందు ఫోర్కుకి బ్రేకు బిగించే బెజ్జమే లేదు. "మరి బ్రేకు ఎక్కడ పెడతావురా?" అన్నా. "ఫిక్సీకి బ్రేకెందుకన్నా, పెడితే లుక్కే పోతుంది" అన్నాడు.

వాడికి టీ తాగే టైములో చెప్పబోయాను, అయ్యే పని కాదని తేలింది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం ముందు ఒక్క ముక్క. మనం చిన్నప్పుడు నేర్చుకున్న సైకిలుకి వెనక చక్రంలో ఫ్రీవీల్ ఉంటుంది. తొక్కడం ఆపేసినా బండి టిక టిక మంటూ దానంతటది పోతుంది. ఫిక్సుడు గేరుకి ఆ సుఖం లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే, దానితోపాటు మన కాళ్ళూ తిరగాల్సిందే. వేగం తగ్గించాలంటే కాళ్ళతో పెడల్‌ని వెనక్కి అదమాలి. అంతే సంగతి.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటాం గానీ, సైకిలు పుట్టిందే ఇలాగ. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలే మన ఇప్పటి సైకిళ్ళకి తాత. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు, వెనక చక్రానికి చైను. ఫ్రీవీల్ మాత్రం లేదు. అది జనంలోకి వచ్చేసరికి 1890ల చివరికొచ్చింది. అప్పటిదాకా పల్లం దిగేటప్పుడు చాలామంది పెడల్స్ వదిలేసి కాళ్ళు పైకెత్తి పెట్టుకునేవాళ్ళు! ఫ్రీవీల్ వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. కాళ్ళతో ఆపే వీలు పోయింది కాబట్టి అసలైన బ్రేకు తప్పనిసరైంది. అంటే ఫ్రీవీలూ, మంచి బ్రేకులూ చెట్టపట్టాలేసుకుని వచ్చాయన్నమాట.

రేసులవాళ్ళు మాత్రం అంత తొందరగా మారలేదు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కి గేర్లు మార్చడమంటే చిరాకు. గెలవాల్సింది మనిషి కండ, మెషీను కాదని ఆయన పట్టు. పాపం రేసర్లు వెనక చక్రానికి రెండు వైపులా వేరువేరు పళ్ళ చక్రాలు బిగించుకుని, కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిరగేసి పెట్టుకునేవాళ్ళు. డెరైలర్ గేర్లకి ఆ రేసులో అనుమతి దొరికింది 1937లో. టెక్నాలజీ ఉన్నా పాలసీ ఒప్పుకోకపోవడం మనకేం కొత్త కాదు కదా!

ఇంతకీ రోడ్డు మీంచి పోయిన ఫిక్సుడు గేరు ఎక్కడ బతికిందంటే, ట్రాక్ మీద. వెలోడ్రోమ్‌లో అందరూ ఒకే దిక్కుకి తిరుగుతారు. ఎదురొచ్చే బండి లేదు, అడ్డొచ్చే గేదె లేదు, సిగ్నలు లేదు. అక్కడ బ్రేకు ఉంటేనే ప్రమాదం. ముందున్నవాడు హఠాత్తుగా బ్రేకేస్తే వెనకున్న నలుగురూ వాడి మీద పడతారు. ఎవరికీ బ్రేకు లేకపోతే ఎవరూ హఠాత్తుగా ఆగలేరు. ఆ రూలుకి అర్థం అదీ.

దీన్ని పరాకాష్ఠకి తీసుకెళ్ళింది జపాను. యుద్ధంలో దెబ్బతిన్న ఊళ్ళు డబ్బు కూడబెట్టుకోవడానికి 1948లో కొకురా పట్టణంలో కేరిన్ పందేలు మొదలయ్యాయి. అవి జనం డబ్బు కాసే పందేలు. డబ్బుందంటే మోసం ఉంటుంది కాబట్టి ఒకడి సైకిలు ఇంకొకడి సైకిలు కంటే మెరుగ్గా ఉండకూడదన్నారు. అందుకే ఫ్రేము దగ్గర్నుంచి హబ్బు, చైను దాకా ప్రతి పార్టుకీ ఆమోద ముద్ర కావాలి. అదే ఎన్‌జేఎస్ ముద్ర. ఈ రోజుకీ ఫిక్సీ పిచ్చోళ్ళు ఆ మూడక్షరాలు కనబడితే కళ్ళకద్దుకుంటారు. ఆ స్టీలు ఫ్రేములు కట్టే పనితనం నిజంగా గొప్పదే, కాదనను. 1977 నుంచి 1986 దాకా వరసగా పదేళ్ళు ప్రపంచ స్ప్రింట్ టైటిల్ గెలిచిన కొయిచి నకానో కేరిన్‌లోంచి వచ్చినవాడే. కానీ ఆ ముద్రకి అర్థం "ప్రపంచంలోకెల్లా మంచి పార్టు" అని కాదు, "ఈ పందేనికి ఒప్పుకున్న పార్టు" అని. అది కంప్లయన్స్ సర్టిఫికెట్టు, బెంచ్‌మార్కు కాదు.

తర్వాత న్యూయార్కులో ఉత్తరాలు మోసే సైకిలు కొరియర్లు ఈ ట్రాక్ బళ్ళని వీధిలోకి తెచ్చారు. చెడిపోయేవి తక్కువ, రిపేరు ఖర్చు తక్కువ. వాళ్ళని చూసి 2000ల్లో ఊరూరా ఫ్యాషనైంది. బండి వీధిలోకొచ్చింది గానీ ట్రాక్ రాలేదు. మన భాషలో చెప్పాలంటే, ఒక ఎన్విరాన్మెంట్‌లో నడిచే కాన్ఫిగరేషన్‌ని అలాగే తెచ్చి ఇంకోదాంట్లో పెట్టేశారు.

సరే, మావాడికి నేను చెప్పింది ఇదీ. ప్రతి పార్టునీ "నువ్విలా ఎందుకున్నావ్?" అని అడుగు.

ఫ్రేము: ట్రాక్ ఫ్రేములో పెడల్ తిరిగే ఇరుసు కాస్త ఎత్తులో ఉంటుంది. మలుపులో కూడా తొక్కడం ఆపలేం కాబట్టి పెడల్ నేలకి తగలకూడదు. ఇది రోడ్డు మీదా పనికొచ్చే గుణమే. వెనక చక్రం కూర్చునే గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది, చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించడానికి. మన పాత నల్ల సైకిళ్ళకీ ఇంతేగా! ఫోర్కుకి బెజ్జం లేకపోవడానికి కారణం మాత్రం ట్రాకు ఒక్కటే. ఆ కారణం నీ వీధిలో లేదు. 1970ల నాటి పాత స్టీలు రోడ్డు ఫ్రేము దొరికితే ఇంకా మంచిది. వెనక చక్రానికి అదే 120 మి.మీ. వెడల్పు చాలావాటికి ఉంటుంది, బ్రేకు బెజ్జాలూ ఉంటాయి. ఇరుసు కాస్త కిందకి ఉంటుంది కాబట్టి 165 మి.మీ. పొట్టి క్రాంకులు వేసుకుంటే సరి.

హబ్బు: ఇక్కడ కక్కుర్తి పడొద్దు. అసలైన ట్రాక్ హబ్బు మీద రెండు మరలుంటాయి. పళ్ళ చక్రానిది మామూలు మర, దాని మీద బిగించే లాక్‌రింగుది ఎడమ మర. నువ్వు వెనక్కి అదిమినప్పుడు పళ్ళ చక్రం ఊడబోతే లాక్‌రింగు ఇంకా బిగుసుకుంటుంది. ఎంత తెలివైన డిజైనో చూడండి. నేను మొదట కొన్న సెకండ్ హ్యాండ్ బండికి ఇది లేదు. మామూలు ఫ్రీవీల్ హబ్బు మీద పళ్ళ చక్రాన్ని జిగురుతో అంటించి అమ్మేశారు. ఫ్లైఓవరు దిగుతూ కాళ్ళు అదిమితే కటుక్కుమని వదిలేసింది. కాళ్ళు గాల్లో తిరుగుతున్నాయి, ఎదురుగా బస్సు వెనక భాగం. ముందు బ్రేకు ఉంది కాబట్టి ఇది రాస్తున్నా.

గేరు: ఇది మనవాళ్ళకి నచ్చే లెక్క. ముందు 48 పళ్ళు, వెనక 16 అనుకోండి. నిష్పత్తి సరిగ్గా 3. ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి స్కిడ్ చేస్తే ప్రతిసారీ టైరులో అదే చోటు నేలకి రాసుకుంటుంది, చూస్తుండగానే గుడ్డ బయటపడుతుంది. వెనక 17 పెడితే రెండిటికీ ఉమ్మడి కారణాంకం లేదు, అరుగుదల 17 చోట్లకి పంచుకుంటుంది. ఒక్క పన్ను తేడా! ఇలాంటివన్నీ నెట్‌లో ఓపిగ్గా రాసిపెట్టిన షెల్డన్ బ్రౌన్ 2008లో పోయాడు. ఆయనా ముందు బ్రేకు పెట్టుకోమనే మొత్తుకున్నాడు.

కారణం సింపులే. బండి ఆగేటప్పుడు బరువు ముందుకొస్తుంది, వెనక చక్రం తేలికైపోయి జారుతుంది. కాలి బలం ఎంతున్నా లాభం లేదు. త్వరగా ఆపేది ముందు చక్రమే.

2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్సీ గుద్ది రోడ్డు దాటుతున్న ఒకావిడ చనిపోయింది. ఇద్దరు పిల్లల తల్లి. తొక్కినవాడికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. 2017లో వాడికి 18 నెలల శిక్ష పడింది, అదీ గుర్రపు బళ్ళ కాలం నాటి 1861 చట్టం కింద. బ్రిటన్‌లో వెనక ఫిక్సుడు చక్రాన్ని ఒక బ్రేకుగా ఒప్పుకుంటారు, ముందు బ్రేకు మాత్రం ఉండి తీరాలి. వాడికి ఆ సంగతి తెలియదట.

ఇదంతా విని మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే బెజ్జం ఉన్న ఫోర్కు వెతకాలంటావా అన్నా?" అన్నాడు.

వెతకరా. లుక్కు గురించి బెంగొద్దు, నల్ల లివరు ఒకటి, కేబులు ఒకటి, అంతే. బ్రేకు లేకుండానే తొక్కాలని అంత సరదాగా ఉంటే వెలోడ్రోమ్‌కి పో, అక్కడ అందరూ నీలాంటి వాళ్ళే ఉంటారు. రోడ్డు మీద మటుకు అవతలివాళ్ళకి నీ సైకిలు చరిత్ర తెలియదు. అది తెలుసుకోవాల్సింది నువ్వే.