సేరంపూర్ అగ్నిప్రమాదం, తెలుగు వ్యాకరణం: రచనా పరిచర్యపై ఒక చారిత్రక పరిశీలన

రచన కూడా ఒక పరిచర్యే. అయితే ప్రసంగికుని ఎదుట సంఘం ఉంటుంది. రచయిత ఎదుట కాగితం మాత్రమే ఉంటుంది. అందువల్ల తన ప్రయాస వ్యర్థమేమో అనే సందేహం అతనిని త్వరగా క్రుంగదీస్తుంది. 1812లో సేరంపూర్‌లో జరిగిన ఒక సంఘటన ఈ సందేహానికి ఏమి సమాధానమిస్తుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

నష్టము

1812 మార్చి 11 సాయంకాలం బెంగాలులోని సేరంపూర్ మిషన్ ముద్రణాలయంలో నిప్పు అంటుకుంది. విలియం వార్డ్, జాషువా మార్ష్‌మన్ ఎంత ప్రయత్నించినా ఆ రాత్రి భవనం కాలిపోయింది. విలియం కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నారు. అక్కడి ఫోర్ట్ విలియం కళాశాలలో ఆయన బోధకులు. మరుసటి ఉదయం మార్ష్‌మన్ వెళ్లి ఆయనకు వార్త తెలిపారు.

కాగితం, అనేక భాషల అచ్చు అక్షరాలు పోయాయి. అంతకన్నా బాధాకరమైనది వ్రాతప్రతుల నష్టం. బైబిలు అనువాద భాగాలు, బెంగాలీ నిఘంటువు పుటలు, సంస్కృత సంబంధమైన భాషలకు కేరీ సిద్ధపరుస్తున్న మహా నిఘంటువు, వాటితోపాటు మన తెలుగు వ్యాకరణం బూడిదయ్యాయి.

తిరిగి వ్రాయుట

తరువాతి ఆదివారం కేరీ కీర్తనలు 46:10 ఆధారంగా ప్రసంగించారు. మనలను, మనకున్న సమస్తాన్ని తన చిత్తప్రకారం నడిపించే అధికారం దేవునిదని, దానికి లోబడుట మన విధి అని ఆ ప్రసంగ సారాంశం.

ముద్రణ యంత్రాలు మిగిలాయి. అక్షరాలు పోతపోయడానికి మూలమైన ఉక్కు అచ్చులు శిథిలాలలో చెడకుండా దొరికాయి. కరిగిన లోహాన్నే మళ్లీ పోతపోసి, కొన్ని వారాల్లోనే పని ఆరంభించారు. వార్త అందిన రెండు నెలలలోపే ఇంగ్లండు విశ్వాసులు సుమారు 10,000 పౌండ్లు సమకూర్చారు.

కేరీ మరల వ్రాయ నారంభించారు. ఒకసారి నడచిన దారిలో రెండవసారి నడక సులభమని మిత్రులకు తెలిపారు. తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. బెంగాలీ నిఘంటువు 1815 మొదలు 1825 వరకు వెలువడింది.

తిరిగి రానిది

చరిత్రను ఇక్కడే ముగిస్తే అది సగం సత్యమే. ఆ మహా నిఘంటువు ఎన్నడూ వెలుగు చూడలేదు. సేరంపూర్ అనువాదాలలో అనేకం ఆయా భాషల నుడికారానికి దూరంగా ఉన్నాయని తరువాతివారు విమర్శించారు. వాటి స్థానంలో వేరే అనువాదాలు వచ్చాయి. కనుక దేవుని కొరకు వ్రాసినదేదీ నశించదని రచయితకు ధైర్యం చెప్పుట చరిత్రకు న్యాయం కాదు.

లేఖనం కూడా అట్టి వాగ్దానం చేయదు. యెహోయాకీము కాల్చివేసిన గ్రంథాన్ని బారూకు మరల వ్రాశాడు. దానికి మరెన్నో మాటలు చేర్చబడ్డాయి (యిర్మీయా 36:32). అయితే మొదట ఆ మాటలు వ్రాసిన కాలంలోనే అతడు అలసి, నెమ్మది లేక మూలిగాడు (యిర్మీయా 45). దేవుడు ఆ మూలుగు విన్నాడు. గొప్పవాటిని వెదకవద్దని చెప్పి, అతని ప్రాణాన్ని మాత్రం కాపాడుతానని మాట ఇచ్చాడు. గ్రంథం కన్నా గ్రంథం వ్రాసినవాడు దేవునికి ముఖ్యం.

ముగింపు

రచయిత నిరీక్షణకు ఆధారం అతని వ్రాతప్రతి కాదు, అతనిని పిలిచిన దేవుడే. ఈ నిశ్చయత గలవాడు పోయినదాని కొరకు దుఃఖించగలడు, తిరిగి వ్రాయగలిగినది వ్రాయగలడు, వ్రాయలేనిది విడిచిపెట్టగలడు.

సంఘకాపరులకు ఇందులో ఒక బాధ్యత ఉంది. అలసిన రచయితకు వెంటనే ఉపదేశించక, ముందు అతని మూలుగు వినాలి. కేరీకి వార్తతో స్వయంగా వచ్చిన మార్ష్‌మన్ ఉన్నారు, శిథిలాలు వెదకిన వార్డ్ ఉన్నారు, కానుకలు పంపిన పేరు తెలియని విశ్వాసులు ఉన్నారు. 1814 నాటి తెలుగు వ్యాకరణం వెనుక వీరందరి చేతులు ఉన్నాయి. మన సంఘాలలో వ్రాసేవారికి అట్టి తోడు దొరుకుతున్నదా అని మనం ప్రశ్నించుకోవాలి.