డెట్రాయిట్ నగరము : కోలుకొనుటను గూర్చిన వివాదము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిషిగన్ రాష్ట్రమునకు చెందిన డెట్రాయిట్ నగరమునకు లాటిను భాషలో నొక ధ్యేయవాక్యము కలదు. మేలైన దినముల నాశించుచున్నామనియు, ఈ పురము బూడిదనుండి లేచుననియు దాని తాత్పర్యము. 1805 జూన్ 11వ తేదీన ఊరంతయు దగ్ధమైనపుడు ఫ్రెంచి మతాచార్యుడు గాబ్రియేల్ రిషార్ ఈ మాట లనెనని చెప్పుదురు. నగరముద్రికపై ఇద్దఱు స్త్రీమూర్తులు కలరు. ఒకతె మండుచున్న ఊరిని జూచి విలపించుచుండును. రెండవ యామె లేవనున్న క్రొత్త పురమును జూపి యూఱడించుచుండును. ఆనాటి డెట్రాయిట్ కొయ్యయిండ్ల చిన్న పట్టణము. ఇండ్లు మరల కట్టుకొనగనే ఊరు లేచినదనుటలో నెవ్వరికిని సందేహము కలుగలేదు. దాదాపు నూటయేబది సంవత్సరములకు పిమ్మట అదే నగరమునకు నిప్పు లేని దహనమొకటి ప్రాప్తించెను. దానినుండి నగరము లేచెనా, లేవలేదా యను విషయమున నచ్చటి నివాసుల నడుమ వివాదము నేటికిని తెగలేదు. ఆ వివాదము యొక్క చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

మొదట మాటల సంగతి చూడవలసి యున్నది. తెలుగున జీర్ణోద్ధార మనునది గుడికి, కోటకు, చెఱువునకు చెల్లు మాట. కోలుకొనుట యనునది రోగికి, కఱవువాత బడిన ఊరికి చెల్లు మాట. మెకంజీ సేకరింపించిన కైఫీయతులను చదివినవారు ఖిలపడిన గ్రామముల ప్రస్తావన నెఱుగుదురు. దేవాలయము బాగుపడుట వేఱు, పోయిన కాపులు తిరిగి వచ్చి భూములు సాగుచేసికొనుట వేఱు. ఇంగ్లీషున ఈ రెండింటికిని తఱచుగా నొకే మాట వాడుదురు. డెట్రాయిట్ వివాదములోని చిక్కులో కొంతభాగము ఇందుండియే పుట్టినదని నా యభిప్రాయము.

నగరాభ్యుదయమును గూర్చి విస్తరించి చెప్పవలసిన పని లేదు. 1903లో ఫోర్డు కంపెనీ యేర్పడెను. 1913లో హైలాండ్ పార్కు కర్మాగారమున కదలెడు కూర్పువరుస మొదలయ్యెను. 1914లో దినమునకు అయిదు డాలర్ల వేతనము ప్రకటింపబడెను. 1900లో 2,85,704గా నున్న జనసంఖ్య 1930 నాటికి 15,68,662 అయ్యెను. పోలండు మొదలగు ఐరోపా దేశములనుండియు, అమెరికా దక్షిణ రాష్ట్రముల పత్తిచేలనుండియు జనులు వచ్చి చేరిరి. ఒక్క విషయము మాత్రము గమనింపదగినది. హైలాండ్ పార్కు డెట్రాయిట్ నగరముచే నాలుగువైపుల నావరింపబడియు, వేఱు పురపాలనము గల ఊరు. ఫోర్డు తరువాత నిర్మించిన రూజ్ కర్మాగారము డియర్‌బార్న్‌లోనిది. కావున ఏ పరిశ్రమ నగరమునకు పేరు తెచ్చినదో, ఆ పరిశ్రమలో పెద్దపాలు మొదటినుండియు నగరపు ఎల్లకు వెలుపలనే యుండెను.

1950 జనగణనలో 18,49,568 మంది యుండిరి. 2010లో 7,13,777, 2020లో 6,39,111. అరువది యేండ్లలో పదునొకండు లక్షలకు పైగా జనులు తగ్గిరి. ఈ క్షీణత యెప్పుడు మొదలైనదను ప్రశ్నకు నగరవాసు లిచ్చు సమాధానములు ఒకటి కావు. రోగమెప్పుడు సోకినదో తెలియక, నయమైనదో లేదో నిర్ణయించుట యెట్లు? వివాదమునకు మూలకందమిదియే కాబట్టి దీనిని కొంత విపులముగా పరిశీలింపవలెను.

చాలమంది, విశేషించి నగరమును విడిచి శివారు పట్టణములకు తరలిపోయిన శ్వేతజాతి కుటుంబములవారు, 1967 జూలై 23వ తేదీని చూపుదురు. ఆ దినమున పోలీసులు పండ్రెండవ వీథిలోని యొక పానశాలపై చేసిన దాడి పెనుగలహమునకు దారితీసెను. 43 మంది మరణించిరి. ఈ ఘటనను ఒక వర్గమువారు అల్లరి యందురు. మఱియొక వర్గమువారు తిరుగుబాటందురు. వాడిన మాటనుబట్టి వక్త యే వీథివాడో తెలిసికొనవచ్చును. 1967 మొదలుగా లెక్కించువారికి నగరము కోలుకొనుటయనగా శాంతిభద్రతలు కుదురుకొని, పోయినవారు నడిబొడ్డునకు మరల వచ్చుట.

ఈ కాలనిర్ణయము నిలువదని 1996లో ప్రకటితమైన 'ది ఆరిజిన్స్ ఆఫ్ ది అర్బన్ క్రైసిస్' అను గ్రంథమున థామస్ సుగ్రూ అను చరిత్రకారుడు నిరూపించెను. 1947కును 1963కును నడుమ, అనగా గలహమునకు ముందే, నగరము 1,34,000 కర్మాగారోద్యోగములను గోల్పోయెనని ఆయన లెక్క. హడ్సన్ మోటారు కంపెనీ 1954లో నింకొక కంపెనీతో గలిసిపోగా దాని డెట్రాయిట్ కర్మాగారము మూతపడెను. ఆల్బర్ట్ కాన్ రూపకల్పన చేసిన ప్యాకార్డు కర్మాగారమున 1956తో కార్ల నిర్మాణము నిలిచిపోయెను. క్రొత్త కర్మాగారములు ఒక అంతస్తుతో, విశాలమైన స్థలములలో, శివారులందు వెలసెను. యంత్రములు మనుష్యుల పని చేయసాగెను. పని పోయిన చోటికి శ్వేతజాతి కార్మికుడు పోగలిగెను. నల్లజాతి కార్మికుని కచ్చట ఇల్లు దొరకదయ్యెను. నగరపు ఉత్తరపుటంచున 1941లో కట్టిన ఆఱడుగుల గోడ యొకటి నేటికిని నిలిచియున్నది. నల్లవారి పేటనుండి వేఱుపఱిచినగాని క్రొత్త శ్వేతజాతి కాలనీకి ప్రభుత్వపు పూచీతో అప్పు పుట్టదని నిర్మాత దానిని కట్టించెను. హేస్టింగ్సు వీథి నల్లజాతివారి వర్తకమునకును సంగీతమునకును పట్టుగొమ్మ. ఆ వీథినే 1950ల చివరను, 1960ల మొదటను రాజమార్గము కొఱకు తుడిచివేసిరి. ఈ చరిత్రను ప్రమాణముగా గొన్నవారికి కోలుకొనుటయనగా పోయిన గృహస్వత్వమును, పోయిన పనియును అదే జనులకు తిరిగి లభించుట. రెండు పక్షములవారును వాడునది యొకే మాట. కోరునది మాత్ర మొకటి కాదు.

డెట్రాయిట్ లేచినదను ప్రకటన క్రొత్తది కాదు. రెండవ హెన్రీ ఫోర్డు పూనికతో నదీతీరమున లేచిన మహాసౌధసముదాయము 1977లో తెఱువబడెను. దానికి పెట్టిన పేరే 'రినైజాన్స్ సెంటర్', అనగా పునరుజ్జీవన కేంద్రము. 1973లో ఎన్నికైన కోల్మన్ యంగ్ నగరమునకు ప్రథమ నల్లజాతి మేయరు. ఉద్యోగములు నిలుపుటయే ఆయన పాలనకు పరమావధి. 1981లో పోల్‌టౌన్ అను పేటను జనరల్ మోటార్సు కర్మాగారము కొఱకు నగరము స్వాధీనపఱచుకొనెను. ఇంచుమించు 4,200 మంది నివాసులు, పదమూడు వందలకు పైబడిన ఇండ్లు, చర్చీలతోసహా పోయినవి. అందుకు బదులు ఆఱువేల ఉద్యోగములు వచ్చునని మాట. ఒక పేటను కోలుకొనజేయుటకు మఱియొక పేటను గాదు, నగరమును కోలుకొనజేయుటకు పేటను బలియిచ్చుట ధర్మమా యని నివాసులు న్యాయస్థానమున కెక్కిరి. రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము నగరపక్షమున తీర్పు చెప్పెను. 2004లో మఱియొక వ్యాజ్యమున అదే న్యాయస్థానము తన పూర్వసిద్ధాంతము సరికాదని త్రోసిపుచ్చెను. అప్పటికి పేట లేదు. కర్మాగారము మాత్రము నిలిచి, నేడు విద్యుద్వాహనములను తయారుచేయుచున్నది. ఈ యొక్క స్థలమునే రెండు పక్షములవారును దృష్టాంతముగా చూపుచుండుట విశేషము.

2013 జూలై 18వ తేదీన నగరము దివాలా యర్జీ దాఖలు చేసెను. అప్పులు, బాధ్యతలు కలిసి సుమారు 1,800 కోట్ల డాలర్లని అంచనా. వీథిదీపములలో నూటికి నలువది వెలుగుటలేదని ఆనాటి పత్రములే యొప్పుకొన్నవి. నగర కళాశాలలోని చిత్రములను అమ్మి అప్పులు తీర్పవలెనను వాదము బయలుదేఱగా, దాతృసంస్థలును రాష్ట్ర ప్రభుత్వమును మఱికొందఱును గలిసి సుమారు 81.6 కోట్ల డాలర్లు సమకూర్చిరి. దానితో చిత్రములు నిలిచినవి. పింఛనుల కోతయు తగ్గెను. కోత లేకపోలేదు. సామాన్య శాఖల విశ్రాంతోద్యోగుల పింఛనులో నూటికి నాలుగున్నర వంతు తెగెను, ధరలనుబట్టి పెరుగవలసిన భృతి పోయెను, వైద్యసహాయము చాలవఱకు కరగిపోయెను. వారిలో నధికసంఖ్యాకులు ఇందుకు సమ్మతించుచు ఓటు వేసిరి. సమ్మతింపనిచో ఇంతకన్న పెద్దకోత తప్పదని వారి కెఱుకపఱుపబడియుండెను. 2014 డిసెంబరు 10వ తేదీన నగరము దివాలానుండి వెలువడెను. ఖజానా కోలుకొన్నదనుటలో సందేహము లేదు. 2016 చివరికి 65,000 క్రొత్త దీపములు వెలిగినవి. ఇవి చిన్న సంగతులు కావు. దీపము లేని వీథిలో బడినుండి వచ్చు బిడ్డకై యెదురుచూచిన తల్లికి వాని విలువ తెలియును. కాని యదే 2014లో బాకీపడిన వేలకొలది ఇండ్లకు నీటిసరఫరా నిలిపివేయుటయు జరిగినది.

ఆ యేడు పదవి చేపట్టిన మేయరు మైక్ డగ్గన్, జనసంఖ్య పెరిగినదా తగ్గినదా యనుదానినిబట్టియే తన పాలనను తూచవలెనని తానే ప్రకటించెను. కొలమానము సులభమైనట్లు తోచును. తీరా 2020 జనగణన 6,39,111 అని తేల్చగా, లెక్క తప్పినదని నగరము వాదించెను. 2022లో జనగణన సంస్థపై వ్యాజ్యము వేసెను. కూల్చిన ఇండ్లను లెక్కనుండి తీసివేయుచున్నారే గాని, బాగుచేసి మరల కాపురమునకు దెచ్చిన ఇండ్లను కలుపుటలేదని నగరపాలకుల వాదము. పాడుపడిన ఇండ్లను కూల్చుట పాలకుల దృష్టిలో ఉద్ధరణమునకు గుఱుతు. లెక్కలవారి దృష్టిలో క్షీణతకు గుఱుతు. 2024లో వెలువడిన అంచనా ప్రకారము 2022-23 నడుమ 1,852 మంది పెరిగి జనసంఖ్య 6,33,218కి చేరెను. 1957 తరువాత వృద్ధి కానవచ్చుట అదియే మొదటిసారి. మఱుసటి యేటి అంచనా 6,45,705. ఈ యంకెలతో వివాదము ముగియునని తలంచినవారు కలరు. ముగియలేదు. వచ్చినవారెవరు, పోవుచున్నవారెవరు అను ప్రశ్న వెంటనే తలయెత్తెను.

ఈ ప్రశ్నకు బలము నిచ్చినది ఇంటిపన్నుల చరిత్ర. ఆస్తి విలువను మార్కెట్టు వెలలో సగమునకు మించి నిర్ణయింపరాదని రాష్ట్ర రాజ్యాంగమున నున్నది. 2008 తరువాత ఇండ్ల వెలలు కూలినను నగరపు లెక్కలు కూలలేదు. 2010 మొదలు 2016 వఱకు గృహస్థులనుండి కనీసము 60 కోట్ల డాలర్లు అధికముగా రాబట్టిరని 'డెట్రాయిట్ న్యూస్' పత్రిక 2020లో లెక్కగట్టెను. 2011-15 నడుమ నగరపు ఆస్తులలో సుమారు నాల్గవ వంతు పన్నుబాకీలకై జప్తు అయ్యెనని న్యాయశాస్త్రజ్ఞురాలు బెర్నడెట్ అటువాహీనే పరిశోధన చూపుచున్నది. అదే కాలమున నడిబొడ్డున డాన్ గిల్బర్ట్ మొదలగు ధనికులు పాతసౌధములను కొని మెఱుగులు దిద్దుచుండిరి. నగర వైశాల్యము 139 చదరపు మైళ్లు. పునరుజ్జీవనమును చాటుటకు వెలువడిన యొక నివేదికలో నడిబొడ్డును, దానికంటిన పేటలును గలిపి 7.2 చదరపు మైళ్లు, అనగా ఇరువదింట నొక వంతు. తక్కిన పందొమ్మిది వంతులవారు పొంది కోలుకొనని రోగి ముఖమునకు పూసిన పసుపు వంటిదిదని యెంచినచో తప్పుపట్టుట కష్టము. అట్లని పోయిన పదేండ్లలో పేటలలో నేమియు మాఱలేదనుటయు సత్యదూరమే. ఇల్లు నిలుపుకొనగలిగినవారికి దాని వెల పెరిగినది. ఇల్లు పోగొట్టుకొనినవారి కదే పెరుగుదల అద్దెరూపమున భారమైనది. 2016లో, పెద్ద కట్టడములు కట్టువారు చుట్టుపట్ల జనులకు చేయవలసిన మేలును శాసించు ప్రతిపాదనలు రెండు ప్రజల ఓటునకు వచ్చెను. నివాససంఘములు వ్రాసిన గట్టి ప్రతిపాదన యోడి, నగరసభ సమర్థించిన మెత్తనిది గెలిచెను.

తెలుగువారికి డెట్రాయిట్ అపరిచితము కాదు. కార్ల పరిశ్రమలో ఇంజనీర్లుగా వచ్చినవారు వందల కుటుంబములుగా స్థిరపడిరి. డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ సాహిత్యచర్చలు మన విమర్శకుల కెల్లరకు తెలిసినవే. 2015లో ఉత్తర అమెరికా తెలుగు సంఘమువారి మహాసభలు నగరపు నడిబొడ్డుననే జరిగినవి. కాని మనవారి నివాసములు మాత్రము నోవై, కాంటన్, ట్రాయ్ వంటి శివారు పట్టణములలో గలవు. నగరము పేరు మన సంస్థలకు దక్కినది. నగరపు పన్నులు, పాఠశాలలు, దీపములు మనవారి నిత్యానుభవములోనివి కావు. డెట్రాయిట్ బాగున్నదని ఇచ్చటి బంధువులకు వారు వ్రాయు మాటకును, నగరవాసి పలుకు మాటకును గల యంతరమును పరిశోధకుడు ఈ దృష్టితో గ్రహింపవలెను.

మిషిగన్ సెంట్రల్ రైలు స్టేషను 1913లో తెఱువబడి 1988లో మూతపడి, ముప్పదియేండ్లు శిథిలచిత్రముగా లోకమునకు పరిచితమయ్యెను. ఫోర్డు కంపెనీ 2018లో దానిని కొని జీర్ణోద్ధారము చేయించి 2024 జూన్ 6వ తేదీన మరల తెఱచెను. జనులు వేలుగా వచ్చి చూచిరి. ఆ యేడే ఏప్రిలులో జనరల్ మోటార్సు, తన ప్రధాన కార్యాలయమును రినైజాన్స్ సెంటరు నుండి వీడ్కొలిపి, పాత హడ్సన్ అంగడి స్థలమున లేచిన క్రొత్త సౌధమునకు మార్చెదనని ప్రకటించెను. నవంబరులో వెలువడిన పథకమున, పునరుజ్జీవనమను పేరుగల ఆ సముదాయములోని రెండు గోపురములను కూల్చవలెననియు, అందుకు ప్రజాధనమును వినియోగింపవలెననియు ప్రతిపాదింపబడెను. ఆ ధనము పేటలకు చెందవలెనని కొందఱు, ఖాళీసౌధము నదీతీరమున నిలిచిన నగరమునకే నష్టమని కొందఱు వాదములాడసాగిరి.